లండన్ రేడియోలో మా ఊరి పేరు

క్రీట్ దీవిని జర్మన్లు ఆక్రమించిన రోజులు. ఊరి రొట్టెల పొయ్యి దగ్గర ఒక చంటిబిడ్డ తల్లి తన వదినతో మాట్లాడుతోంది.

"వదినా, వంతెన పేల్చిన వీరుల ఊరంటూ లండన్ రేడియో మన ఊరి పేరు చెప్పిందంట. మా ఆయన సంబరంతో గాల్లోకి తుపాకీ కాల్చాడు."

"ఎవరిదో పెళ్ళనుకున్నానే. ఇంగ్లీషోళ్ళు మెచ్చుకుంటే మంచిదేగా?"

"ఆ రేడియో జర్మన్లూ వింటారు. పేల్చిందెవరో నిన్నటిదాకా వాళ్ళకి తెలీదు."

వదిన పిండి పిసకడం ఆపి, పొయ్యిలో కాలుతున్న రొట్టెలకేసి చూసింది.

"పక్కూరిని ఇంతకన్నా చిన్నదానికే తగలబెట్టారు. రొట్టెలు కాలగానే కొండెక్కుదాం."

"కాలేదాకా ఆగలేను. కొండమీద రొట్టెలకి పులుపు పెట్టుకోడానికి పులిసిన పిండిముద్ద కాస్త గుడ్డలో కట్టివ్వు, చాలు."

"మరి మీ ఆయన?"

"రమ్మంటే కదలడు. మన పేరు ఇంకోసారి చెప్తారేమోనని రేడియో ముందే కూర్చున్నాడు."