నీళ్ళ అడుగున ఏముందో

డర్బన్‌కి ఉత్తరాన ఉమ్‌హ్లాలికి దగ్గర్లో సముద్రపు ఒడ్డు, 1996. ఆటు సమయంలో రాళ్ళ మధ్య నిలిచిన నడుంలోతు నీళ్ళలో ముసలి రెజినాల్డ్, అతని కళ్ళకు వైద్యం చేస్తున్న మృదుల. రెజినాల్డ్ పూర్వీకులు చెరకు తోటల్లో కూలికి ఆంధ్ర నుంచి వచ్చారు. మృదుల కాకినాడ నుంచి నిరుడు వచ్చింది. ఒడ్డున ఇసుకలో రెజినాల్డ్ భార్య గ్లాడిస్.

"...ముక్కుతో కాదు బాబాయ్, నోటితో పీల్చాలి. ఈ గొట్టం పళ్ళతో గట్టిగా పట్టుకోండి. భయమేస్తే నా చెయ్యి నొక్కండి."

"బయమేటి డాక్టరమ్మా? బతుకంతా ఈ ఒడ్డునే తెల్లోల్ల బంగళాలకి రంగులేసినాను. నిచ్చెన మీంచి రోజూ సూసేవోడిని. ఆల్ల పిల్లలు ఈ రాళ్ళకాడే, మొకాలకి అద్దాలెట్టుకోని, బోర్లా పడి తేలతా ఉండేవోల్లు. ఎంతసేపని! ఆ అడుగున ఏటుందిరా దేవుడా అనుకునేవోడిని."

"మీరు ఒక్కసారి కూడా దిగలేదా?"

"బోర్డుండేది గదా, తెల్లోల్లకే అని. రంగు బ్రష్షు కడుక్కోడానిక్కూడా దిగనిచ్చేవోల్లు కాదు."

"ఆ బోర్డు పీకేసి చాన్నాళ్ళయింది కదా?"

"పీకేసినారు. పీకేసినా గానీ... ఎనకనించి ఎవడో 'హాంబా, హాంబా', పో పో అని తరుముతాడని. కాళ్ళు రాలేదు. రేపెల్దాం, రేపెల్దాం అనుకున్నా. ఇంతలో కళ్ళు ఇట్టా అయినాయి."

"బాబాయ్, సోమవారం నేను చెప్పింది పిన్నిగారికి చెప్పారా?"

"అల ఒస్తంది, పట్టుకో."

"అలేం లేదు. చెప్పారా, లేదా?"

"సెప్తా, సెప్తా."

"ఇక ఆపరేషన్ చేసినా లాభం లేదని ఆవిడకి తెలియాలి కదా. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి ఇంత సందులోంచి కనిపిస్తోంది, అంతే. అదీ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను."

"అందుకే గదా నన్నిక్కడికి తీసుకురమ్మని నిన్నడిగినా."

"ఏమయ్యో! ఇంకా నిలబడే ఉన్నావేటి? డాక్టరమ్మా, జాగర్త, ఆయనకి ఈత రాదు!"

"నేను పట్టుకునే ఉన్నాను పిన్నిగారూ!"

"ఇయ్యాల సరిగ్గా కనపడకపోయినా దిగులుపడొద్దని సెప్పమ్మా! డర్బన్‌లో ఆపరేషన్ అయినాక మల్లీ తీసుకొద్దాం! చర్చిలో అందరం ప్రేయర్ సేస్తన్నాం!"

"విన్నారా బాబాయ్?"

"ఇన్నాను. పద, మొకం ముంచుదాం."

"నెమ్మదిగా. వంగండి. ఆ... అలాగే తేలండి. నేను పక్కనే ఉంటాను."

"గొట్టం ఎట్టుకున్నాక మాటాడకూడదా?"

"కూడదు. చూడటమే."

"సరే."

"...లేవండి బాబాయ్, ఇక లేవండి! చాలాసేపైంది, వణికిపోతున్నారు. గొట్టం తీసెయ్యండి. ఎలా ఉంది?"

"ఐష్! ఏం సెప్పను డాక్టరమ్మా. ఏం సెప్పను!"

"పసుప్పచ్చగా, నల్ల చారలతో గుంపొకటి వచ్చింది, చూశారా?"

"సూసేను! పసుపు. నల్ల సారలు. గుంపే గుంపు."

"మీ చేతుల కిందనుంచే వెళ్ళాయి."

"అవునవును, సేతుల కిందనించే."

"మీరు చెయ్యి కదపలేదు. పట్టుకోబోతారేమో అనుకున్నాను."

"బెదిరిపోతాయని."

"మరి ఆ నీలం చేప? ఒక్కటే తిరుగుతూ ఉన్నది?"

"అదీ సూసేను. ఎంత నీలం!"

"ఎటు వెళ్ళింది?"

"అటే... రాయి కిందకి."

"ఏ రాయి కిందకి బాబాయ్?"

"ఇన్ని రాళ్ళుంటే ఏదని సెప్పను?"

"నీలం చేప లేదు. ఊరికే అడిగాను."

"అల ఒస్తంది, పట్టుకో."

"బాబాయ్?"

"ఏమయ్యో! ఏటి కనపడింది? సెప్పవేం?"

"సేపలే గ్లాడిసూ! పసుపు సేపలు! నల్ల సారలు! నా సేతుల కిందనించే పోయినాయి!"

"ప్రభువా, నీకు స్తోత్రం! నే సెప్పలేదా డాక్టరమ్మా, కన్ను బాగవుతాందని!"

"బాబాయ్, మాస్కు తీసి ఇటు నా వైపు తిరగండి. ఎప్పటినుంచి?"

"మెల్లిగా మాటాడు. ఇంటది."

"ఎప్పటినుంచి అని అడుగుతున్నాను."

"ఏమయ్యో! ఒక్కసారి ఇటు సూసి సెయ్యూపు!"

"ఈ అలల హోరులో గొంతు ఎటునించి ఒస్తందో తెలీడంలేదు డాక్టరమ్మా. గ్లాడిస్ ఎటేపు ఉందో సెప్పు. అటు తిరిగి సెయ్యూపుతాను."