తెరమీద లేని పేజీలు

పెద్దలారా, అక్కయ్య దగ్గర చదువుకున్న పిల్లలారా, గ్రంథాలయ సిబ్బందీ, అందరికీ నమస్కారం. మాట్లాడమన్నారు. ఏం మాట్లాడను? సోమవారం పదింటికి ఫోన్ చేసి, "చెల్లీ, పొడుగు స్కేలు పట్టుకురా, పాత పేపర్ల గదిలో ఉంటా" అన్న మనిషి, పదకొండింటికి నేను వెళ్లేసరికి బల్లమీద తల వాల్చి ఉంది. నిద్రనుకున్నాను. డాక్టరు గుండె అన్నారు. ఐదు రోజులైంది. నాకింకా నమ్మకం కుదరలేదు.

ఆవిడ నా తోడికోడలు. చరిత్ర రాసే మనిషి. నేను ఇల్లు చూసుకునే మనిషిని. పేపర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశాం కనుక పాత బైండులు తీసేస్తామని గ్రంథాలయం వాళ్లు ఆ గది తలుపుకు నోటీసు అంటించారు. ఎల్లుండే లారీ వస్తుంది. ఆలోగా రెండూ పోల్చి చూడాలని అక్కయ్య పట్టు.

ఎందుకంత పట్టు? తను ఒకసారి పొరబడింది కాబట్టి. డెబ్బై ఏళ్లకిందట మన ఊరి మిల్లులో బాయిలర్ పేలితే ఏ పేపరూ రాయలేదని తన పుస్తకంలో రాసేసింది. కంప్యూటర్‌లో ఎంత వెతికినా ఒక్క ముక్క దొరకలేదు మరి! పుస్తకం వచ్చాక ఒక ముసలావిడ ఇంటికొచ్చింది. ఆ పేలుడులో పోయిన కార్మికుడి కూతురు. పేపరు కత్తిరింపు బల్లమీద పెట్టి, "మా నాన్న చావు మీకు కనబడలేదా తల్లీ?" అంది. అక్కయ్య మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

మర్నాడు బైండు తీసి చూశాం. మడతపెట్టి కుట్టిన అనుబంధంలో ఉంది ఆ వార్త. కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఫొటోలు తీసినవాళ్లు ఆ మడత విప్పలేదు.

అక్కయ్య ఏం చేసిందో తెలుసా? అమ్ముడుపోని మూడువందల పుస్తకాల్లోనూ సవరణ చీటీ తన చేత్తో అంటించింది. "ఎవరు చూస్తారక్కయ్యా, వదిలెయ్యండి" అన్నాను. "ఆవిడ చూసిందిగా" అంది.

అప్పట్నుంచి మా పని ఒకటే. తెరమీద పేజీ, బైండులో పేజీ. నేను లెక్కపెట్టాలి, ఆవిడ చదవాలి. "పెద్ద డిగ్రీలెందుకే, బియ్యంలో రాళ్లేరే కళ్లు చాలు నాకు" అని వేళాకోళం చేసేది. పదకొండేళ్ల పేపర్లలో నూటనలభై పేజీలు తెరమీద లేవు. ఇంకా ఆరేళ్లవి చూడనేలేదు.

సోమవారం ఆవిడ చేతికింద విప్పని మడత ఒకటుంది. నేను విప్పలేకపోయాను.

గ్రంథాలయాధికారి గారూ, ముందు వరుసలోనే ఉన్నారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆ లారీని ఆపించండి, అంతే. పేజీలు నేను లెక్కపెడతాను. చదవడానికి అక్కయ్య విద్యార్థులున్నారు.

ఇప్పుడే జవాబు వద్దు. అందరం లేచి రెండు నిమిషాలు నిలబడదాం. ఎవరూ ఏమీ అనొద్దు. ఆ తర్వాత ఈ గదిలో మొదటి మాట మీదే కావాలి సార్.

లేవండి.