గ్రెగర్ కోళ్ళ మీద వేసిన నింద

వద్దంటే వినవేం? ఆ కుండీలు గడప మీద పెట్టకు గ్రెగరూ. ఎత్తు. ఎత్తి మీ ఇంటికి పట్టుకుపో.

ఇష్బెల్ లేదు. చర్చిలో పాటలు ప్రాక్టీసు చెయ్యడానికి వెళ్ళింది. వచ్చేలోగా వీటిని నా కళ్ళ ముందునుంచి తీసెయ్యి, నీ పుణ్యం ఉంటుంది.

ఏమిటీ? విత్తనం నుంచి పెంచావా? నువ్వా? ముల్లంగి కూడా మొలిపించలేనివాడివి కదయ్యా!

అయితే అన్నీ నేర్చుకున్నావన్నమాట. గింజ మీద మన్ను కప్పకూడదని, కుళాయి నీళ్ళు కాదు వాననీళ్ళే పొయ్యాలని, ఎండ పొడ తగలనివ్వకూడదని. నిరుడు మొగ్గ తొడిగితే తుంచేశావా? మొదటిసారే పూయనిస్తే మొక్క బతకదనా? అబ్బ! మూడేళ్ళ నించి మా గుమ్మం తొక్కనివాడివి, పువ్వు కళ్ళజూడకుండా ఇంకో ఏడాది కాచుకున్నావా, మా ఆవిడ కోసం?

'నా కోళ్ళు చేసిన పాడుపనికి' అంటావా. ఆ మాట మాత్రం అనకు.

కూర్చో. కాదు, ముందు కూర్చో. టీ తర్వాత.

నీ కోళ్ళు ఏమీ చెయ్యలేదు.

అవును, సరిగ్గానే విన్నావు.

ఇష్బెల్ ఈ నీలి గసగసాల పూలమొక్కల కోసం ఎంత తంటాలు పడిందో నీకు తెలుసుగా. మొదటి ఏడు వంటింటి కిటికీలో వెచ్చగా పెట్టింది, మొలకలు కుళ్ళిపోయాయి. రెండో ఏడు నత్తలు తినేశాయి. మూడో ఏడు ఉత్తరపు గోడ వెనక, నీడలో, చల్లగా పెడితే, అప్పుడు లేచాయి. నూగు నూగుగా, పిల్లి చెవుల్లా చిన్న ఆకులు. నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. ఏడ్చింది కూడా! నలభై ఏళ్ళ కాపురంలో నేను తెచ్చిన దేన్ని చూసీ అలా ఏడవలేదు.

చలికాలం వచ్చేసరికి ఆకులు పండి, రాలి, కుండీలు బోడి అయిపోయాయి. మార్చిలో వాళ్ళ చెల్లెలికి తుంటి ఆపరేషనని ఇన్వర్నెస్ వెళ్ళింది, పది రోజులు. నేను బంగాళాదుంపలకి మడి చేస్తున్నాను. మన్ను చాల్లేదు. గోడ వెనక చూస్తే పదకొండు కుండీలు, మీద నాచు తప్ప ఏమీ లేదు. చచ్చాయనుకున్నాను. ఒక్కొక్కటే బోర్లించి పారతో కలిపేశాను.

ఆఖరి కుండీలో కనపడింది. మట్టిలో వేలి గోరంత మొగ్గ, బంగారపు నూగుతో. బతికే ఉంది గ్రెగరూ! అవి చలికాలమంతా నేలలో పడుకుని మళ్ళీ లేస్తాయట. నాకేం తెలుసు?

మడంతా చేతులతో కెలికాను. ముక్కలు దొరికాయి, అంతే.

అంతవరకూ పొరపాటు. పొరపాటుకి సిగ్గేముంది? ఆ తర్వాతది విను.

ఆవిడ వచ్చే రోజు పొద్దున్న మీ కంచె దగ్గరికి వెళ్ళాను. అక్కడ పడి ఉన్న గోధుమరంగు ఈకలు రెండు ఏరుకొచ్చాను. ఖాళీ కుండీలు అడ్డదిడ్డంగా పడేసి, వాటి మధ్య పెట్టాను. ఈ చేత్తోనే.

'డంకన్, నా మొక్కలేవి?' అంది. 'గ్రెగర్ కోళ్ళు' అన్నాను. అంతే. రెండే మాటలు. నోరు ఎంత తేలిగ్గా తిరిగిందో!

ఆవిడ నీ ఇంటికొచ్చి ఏమందో నేను కిటికీలోంచి విన్నాను. 'జెస్సీ ఉండుంటే వాటిని కంచె దాటనిచ్చేది కాదు, నీకు చేతకాకపోతే ఎవరికైనా ఇచ్చెయ్' అంది. మీ ఆవిడ జెస్సీ పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. నువ్వు టోపీ తీసి, తల వంచుకుని, 'క్షమించు ఇష్బెల్' అన్నావు. ఒక్క మాట ఎదురు చెప్పలేదేమయ్యా? 'నా కోళ్ళు ఆ రోజు గూట్లోనే ఉన్నాయి' అని అనొచ్చుగా!

ఆ శనివారం ఆరు కోళ్ళనీ బుట్టలో పెట్టుకుని ఎవరికో ఇచ్చొచ్చావు. జెస్సీ చేత్తో పెంచిన కోళ్ళు. ఖాళీ బుట్టతో మా గేటు ముందునుంచే నడిచి వెళ్ళావు. నేను పరదా లాగేసుకున్నాను.

ఆదివారాలు మా ఇంట్లో బార్లీ సూప్ తాగేవాడివి. మళ్ళీ రాలేదు. ఆవిడ పిలుద్దామంటే, 'పోనీలే, వాడి మనసు బాగోలేదేమో' అన్నాను. నిన్ను చూస్తే నాకు ముద్ద దిగదని చెప్పలేక.

ఎందుకు చేశావంటావా?

ఆవిడ ముఖం చూళ్ళేక. ఆ ముఖం నా వైపు తిరుగుతుందేమోనని భయం. నీ వైపు తిరిగితే మాత్రం... తట్టుకున్నాను. బాగానే తట్టుకున్నాను. అదీ నా బతుకు.

తిట్టవేం? డెబ్బై ఏళ్ళ ముసలాడినని జాలా? ఒక్క దెబ్బ వేసినా నాకు తేలికయ్యేది.

ఎక్కడికి లేస్తున్నావ్? టోపీ పెట్టుకుంటున్నావేం? కుండీలు ఇక్కడే వదిలేస్తావా? ఆవిడకేనా? నా తప్పు ఆవిడది కాదంటావా...

అదిగో, కారు. ఆవిడే.

పోకు గ్రెగరూ. ఆ కుర్చీలో కూర్చో, ఏమీ మాట్లాడక్కర్లేదు. నువ్వు ఎదురుగా ఉంటేనే చెప్పగలను. నువ్వు గుమ్మం దాటావంటే, 'గ్రెగర్ ఎంత మంచివాడో చూశావా, కోళ్ళు చేసినదానికి మొక్కలు తెచ్చాడు' అంటాను. నా నోటి సంగతి నాకు తెలుసు.