మూడు దెబ్బలకు రెండు దెబ్బలు

నా పేరు పరశురాం. తండ్రి పేరు గట్టయ్య. వయసు డెబ్బై నాలుగు. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి గదిలో ఒక్కడినే ఉంటాను. చాలా ఏళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. ఇప్పుడు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతాను. ఈ వాంగ్మూలం ఇస్తానని నేనే కోరాను. దీన్ని నా మీదే వాడవచ్చని మేజిస్ట్రేట్ మేడం రెండుసార్లు హెచ్చరించారు. నాకు ఒకసారికే అర్థమైంది.

ఆదివారం జరిగింది చెప్పమన్నారు. అది 1997లో ఇచ్చిన ఒక మాట దగ్గర మొదలవుతుంది. మాట ఇచ్చింది మా ఊరి పట్వారీ కొడుకు. ఆయన పేరు చివర చెబుతాను. ముందే చెబితే ఆయన హోదా గుర్తుకొచ్చి నా మాట సగమే వింటారు.

"నేను గీ ఒడ్డునే ఉంట అక్కా. వాగొస్తే మూడు దెబ్బలు కొట్టుర్రి. జవాబిచ్చి గేటు తీస్త. నువ్వేం ఫికర్ జెయ్యకు." ఇదీ ఆ మాట. వంతెన అవతలి ఒడ్డున నిలబడి మా అక్క జంగమ్మకు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

మా ఊరి పేరు వంతెనగడ్డ. ఊళ్లు ముందు పుట్టి వంతెనలు తర్వాత వస్తాయని పుస్తకాల్లో చదివాను. మా దగ్గర తిరగబడింది. నిజాం జమానాలో వాగు మీద ఇనుప వంతెన వేయడానికి కమ్మరులను, రాళ్లు కొట్టేవాళ్లను తెచ్చారు. పని అయిపోయాక వాళ్లను తిరిగి తీసుకుపోయే బండ్లు రాలేదు. మూడు వైపులా వాగు, నాలుగో వైపు రాతిగుట్ట. అక్కడే గుడిసెలు వేసుకున్నారు. మా తాత అట్లా మిగిలిపోయినవాడే. ఆ గడ్డ మీద పుట్టినవాడికి బయటికి దారి ఆ వంతెన ఒక్కటే.

వంతెన వెడల్పు ఒక బండికే సరిపోతుంది. మధ్యలో ఎత్తుగా ఉండడంతో అవతలి ఒడ్డు కనబడదు. ఒకసారి రెండు బండ్లు మధ్యలో ఎదురుపడి, వెనక్కి జరపబోతే ఎద్దులు వాగులో పడ్డాయి. అప్పటినుంచి ఒక కట్టుబాటు వచ్చింది. దాటేవాళ్లు రాయితో ఇనుప కమ్మీని మూడుసార్లు కొట్టి ఆగాలి. అవతల దారి ఖాళీగా ఉంటే అక్కడున్నవాళ్లు రెండుసార్లు కొట్టాలి. వాగు హోరులో మనిషి గొంతు వినపడదు, ఇనుము వినపడుతుంది. జవాబు రాకుండా దాటినవాణ్ని ఊళ్లో ఎవరూ నిప్పు కూడా అడగరు. మా పిల్లలు మాటల కంటే ముందు ఇది నేర్చుకునేవాళ్లు. పట్వారీ కొడుకూ నేర్చుకున్నాడు. నేనూ ఆయనా ఒకే రోజు బడిలో చేరాము.

ఆయన ఇంజినీరు అయ్యాడు, ఆ వంతెన ఆయన చేతి కిందికే వచ్చింది. 1997 ఎండాకాలంలో వంతెన బలహీనపడిందని అవతలి ఒడ్డున రెండు నిలువుల ఎత్తు గేటు పెట్టించి తాళం వేశాడు. కొత్త వంతెన వస్తుందన్నాడు. అంతదాకా ఎండిన వాగు ఇసుకలో నడవమన్నాడు. వాగొస్తే ఎట్లా అని అడిగింది మా అక్క ఒక్కతే. దానికి జవాబే ఆ మాట.

ఆగస్టులో వాగు వచ్చింది. నేను నాంపల్లిలో ప్రెస్సులో ఉన్నాను. జరిగింది మా అక్క కొడుకు ఎల్లేష్ చెప్పాడు, ఇప్పుడు కాచిగూడలో ఆటో నడుపుతాడు. మధ్యాహ్నం నీళ్లు గుడిసెల్లోకి వస్తే ఊరంతా గుట్ట ఎక్కి బతికింది. ఎవరి మాటనూ నమ్మనివాళ్లు బతికారు. మా అక్క కొడుకును తీసుకుని వంతెన మీదికి పోయింది. ఈ చివర మూడు దెబ్బలు కొట్టింది, జవాబు రాలేదు. వెనక నీళ్లు తరుముతుంటే గేటు దాకా నడిచి, గేటు మీద కొట్టింది. ఎల్లేష్ గేటెక్కి తల్లి వైపు చెయ్యి చాపాడు.

"అవ్వా, చెయ్యియ్యి, ఎక్కు."

"జవాబు రానియ్యిరా. మాటిచ్చిండు గదా, వస్తుండొచ్చు."

"ఎవ్వల్లేరే గీడ."

"నీకు కనవడకుంటే లేనట్టేనా. ఆగు."

మళ్లీ కొట్టింది. మళ్లీ కొట్టింది. ఎల్లేష్ అవతలికి దూకాక కూడా చప్పుడు వినిపించిందట. నీళ్లు వంతెన మీదికి ఎక్కాక ఆగిపోయిందట. శవం దొరికినప్పుడు చూశాను. కుడి అరచేతిలో చర్మం లేదు. ఒక మహిళ నిర్లక్ష్యంగా వాగులో దిగి మరణించిందని విచారణలో రాశారు. ఆ పూట ఆయన బషీర్‌బాగ్‌లో ఒక పెళ్లి విందులో ఉన్నాడు. తాళంచెవి ఆయన జేబులో ఉంది.

కొత్త వంతెన రాలేదు. ఊరు ఖాళీ అయింది. పాత వంతెనను గేటుతో సహా తుక్కు కింద అమ్మేశారు.

ఇక ఆదివారం. నేను పుస్తకాలు పరుచుకునే చోటికి ఎదురుగా కొత్త హోటల్ తెరిచారు. పాత కాలపు వస్తువులతో అలంకరించారు. వాకిట్లో ఇనుప గేటు పెట్టారు. దానికి నల్ల రంగు వేశారు గానీ, నడుము ఎత్తున కమ్మీ మీద సొట్టలు అట్లాగే ఉన్నాయి. వేళ్లతో తడిమి చూశాను. లోపల మైకులో ముఖ్య అతిథి మాట్లాడుతున్నాడు. గొంతు గుర్తుపట్టాను. "ఈ గేటును నేనే వెతికి ఇప్పించాను. మా ఊరి వంతెన చివరి రోజు దాకా ఎవరికీ హాని చేయలేదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

నా పుస్తకాల పెట్టె తాళం జేబులో ఉంది. గేటు మూసి ఆ తాళం వేశాను. పుస్తకాల పట్టా ఎగిరిపోకుండా పెట్టుకునే రాయి తెచ్చి కమ్మీని మూడుసార్లు కొట్టాను. ఆగాను. యజమాని వచ్చి "ఏందయ్యా ముసలోడా, పిచ్చి లేసిందా" అన్నాడు. లోపలివాళ్లు రెండుసార్లు జవాబు కొడితే తీస్తానని నేను చెప్పలేదు. ఆ కట్టుబాటు తెలిసినవాడు లోపల ఒకడు ఉన్నాడు. ఆయన చేతిలో చెంచా ఉంది, ముందు ఇత్తడి పళ్లెం ఉంది. నా వైపే చూస్తున్నాడు. మళ్లీ కొట్టాను. మళ్లీ కొట్టాను. పోలీసులు తాళం కోసేదాకా కొట్టాను. జనాన్ని నిర్బంధించానని రాశారు. నిజమే, నిర్బంధించాను.

సాయంత్రం ఆయనే అబిడ్స్ ఠాణాకు వచ్చాడు. కుర్చీ వేయించుకున్నాడు.

"ఎందుకురా గిట్ల? గీ వయసుల జైలు కూడేందిరా. జర మాఫీ అడిగి సంతకం పెట్టు, కేసు వాపస్ తీస్కుంటరు."

"విన్నవా లేదా?"

"విన్న."

"మరి ఎందుకు కొట్టలే?"

"కొడితే గా మాట నాకు ఎర్కున్నట్టే గదరా" అన్నాడు.

క్షమాపణ పత్రం ఇప్పటికీ సిద్ధంగా ఉందట. దాని మీద సంతకం పెట్టను. ఈ కాగితం మీద పెడతాను. చెప్పినట్టే రాశారని చదువుకున్నాను, ఒక అచ్చుతప్పు దిద్దాను. ఇందులో అబద్ధం లేదు. తాళం వేసింది నేను. 1997లో వేసింది మాత్రం నేను కాదు. ఆ పేరు కూడా రాసుకోండి: విజయేందర్.

(సంతకం) పరశురాం
నాంపల్లి కోర్టు