ఏడో నిబంధన

ఆరోజు మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురం: పురుళ్ల డాక్టరు అయిన మా అత్తయ్య, ఆమె తమ్ముడు మా బాబాయి, లోపలి గదిలో నొప్పులు పడుతున్న పిన్ని, గడియారమూ డైరీనీ పట్టుకుని గుమ్మంలో నేను.

“అంబులెన్సు ఎంతలో వస్తుందన్నార్రా?”

“గంటన్నర అక్కా. దారిలో ఉందట.”

“అమ్మడూ, నొప్పికీ నొప్పికీ మధ్య ఎంతుంది?”

“మూడు నిమిషాలు అత్తయ్యా. ఇందాక ఐదు. అన్నీ రాశాను.”

“రెండో కాన్పు. గంటన్నర ఆగదురా.”

“అందుకే కదే నీ దగ్గరికి తెచ్చింది! పురుడు పొయ్యి.”

“పొయ్యకూడదు.”

“అక్కా!”

“కూడదని రాసింది నువ్వే. ఇన్సూరెన్సు లేని డాక్టరు పురుడు పోస్తే లైసెన్సు రద్దు. ఏడో నిబంధన. కింద నీ సంతకం.”

“జనం కోసం రాశానే. ఏదైనా పొరపాటు జరిగి రోగి కేసు వేస్తే పరిహారం ఇవ్వడానికి ఒక కంపెనీ ఉండాలి కదా.”

“ఉండాలి. ఏదీ కంపెనీ?”

“ఉక్కగా ఉంది. కిటికీ తెరవనా?”

“మాట తప్పించకు. అమ్మడూ, మీ బాబాయి ఉద్యోగమేంటో తెలుసా?”

“డాక్టర్ల ఇన్సూరెన్సుకి నిబంధనలు రాస్తారు, వాళ్లు కట్టే రేట్లు ఖరారు చేస్తారు.”

“ఆ. కంపెనీ ప్రీమియం మూడింతలు చేస్తానంది. మీ బాబాయి పైసా పెంచనివ్వనన్నాడు.”

“మీరడిగారనే కదే! డాక్టర్లంతా అర్జీ పెట్టారు. అందులో మొదటి సంతకం నీది!”

“పెట్టాం. నువ్వు ఆర్డరిచ్చిన రోజు లేచి నిలబడి చప్పట్లు కూడా కొట్టాం. నెల తిరక్కుండా కంపెనీ ఏమంది? పాత రేటుకి జ్వరాలు చూసే డాక్టర్లకే ఇస్తాం, పురుళ్లు పోసేవాళ్లకివ్వం అంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.”

“రేటు మాత్రం పెరగలేదు కదా.”

“లేదు నాయనా. సరుకే దొరకదు, ధర మాత్రం చవక.”

“వదినా! నా వల్ల కాదు వదినా!”

“వచ్చేస్తున్నానమ్మా! ముక్కకు, నోటితో ఊపిరి వదులు!”

“అత్తయ్యా, రెండు నిమిషాలకొకటి వస్తోంది.”

“అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. ఎవరికీ తెలీదు.”

“నీకు తెలుస్తుందిగా. తెలిసీ చెప్పని అధికారి ఉద్యోగం ఊడుతుందని ఎనిమిదోది.”

“అదీ నేనే రాశాను.”

“తెలుసు. ఏడోది చదువు. నీకు నోటికొచ్చు.”

“ఇన్సూరెన్సు లేని డాక్టరెవరూ పురుడు పోయరాదు.”

“నువ్వు డాక్టరువా?”

“కాదు.”

“అయితే చేతులు కడుక్కో. మోచేతుల దాకా, సబ్బుతో.”

“నేనా! రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయే!”

“కుర్చీ వేస్తా. కూర్చుని, కళ్లు మూసుకునే పొయ్యి. ఆర్డరు రాసేటప్పుడు తెరిచావా ఏం?”

“మరి నువ్వు?”

“పక్కన నిలబడి మాట్లాడుతుంటా. ఆడబిడ్డ మాట్లాడకూడదని మీ ఆఫీసు ఇంకా రాయలేదు. అమ్మడూ, నువ్వు రాసుకో: పురుడు పోసింది బాబాయి.”

“గ్లవ్సు మీరు తొడుక్కున్నారేంటి అత్తయ్యా?”

“చెప్పింది రాయవే.”

“రాస్తున్నా. కానీ నిజంగా పోసేదెవరు?”

“అది నీకు తెలియకూడదనేగా తలుపు వేస్తున్నది. జరుగు.”