రేకు పెట్టెలో కంకర

గని కార్మికుల కోరమండల్ లైను ఇంటి వాకిట్లో, భర్త సమాధిలోంచి అక్కయమ్మ తీయించిన రేకు పెట్టె మూత తెరిచి ఉంది. ఆమె తన మరిది ఆవులప్పను ఈ పూట వదిలేలా లేదు. మనవరాలు అర్పిత మధ్యలో చిక్కుకుంది.

“ఇంగొకసారి చెప్పు ఆవులప్పా. దీంట్లో మీ అన్న యాడ?”

“ముప్పై ఏండ్ల నాటి మాట ఇప్పుడెందుకు వదినా?”

“శ్రీనివాసపురంలో కూతురి తోపులో పెట్టుకుందామని తవ్విస్తిని. నేను పోతే పక్కనే నన్నూ పూడ్చమంటిని. ఎముకలు యాడ?”

“గనిలో బండ పేలె. ఇంగ బాడీ యాడుంటాది? అంతా డెబ్రీ. మా గని కేప్టెన్ ఆ మాటే అనె.”

“డెబ్రీ అంటే ఏంది అర్పితా?”

“పగిలిపోయి చెల్లాచెదురుగా పడిండేది అవ్వా. ఇంగ్లీషోళ్ళు ఫ్రెంచోళ్ళ దగ్గర తీసుకున్న మాట. విరగ్గొట్టేదాన్ని వాళ్ళేమంటారో, దాంట్లోంచే పుట్టింది.”

“చూస్తివా, బిడ్డ గూడా అదే చెప్తా ఉండాది! అన్న...”

“నువ్వుండప్పా. అర్పితా, విరిగినా ఏదో ఒగటి మిగలాల గదా? ఒగ పన్ను? ఒగ ఎముక?”

“మిగలాల అవ్వా. మిగిలిందాన్నే అట్లంటారు.”

“దీంట్లో అదీ లేదే! ఇది గని రాయి గూడా కాదు. రైలు పట్టాల కింద పోసే కంకర. దినామూ పట్టాలు దాటి నీళ్ళు తెచ్చినదాన్ని, నాకు తెలీదా?”

“బరువుకి... రవంత బరువుండాల గదా వదినా...”

“మూత తియ్యొద్దు, చూస్తే తట్టుకోలేవంటివి. నీ మాట నమ్మితిని. ఏటేటా రాగిముద్ద, ఎండుచేపల పులుసు చేసి కంకరకి పెడితిని గదప్పా! నువ్వూ పక్కనే కూసోని తింటివే, ఎట్ల దిగె నీకు గొంతులో?”

“అవ్వా, ఏడవొద్దు. చిన్నతాతా, నిజం చెప్పు. మా తాత శవం దొరికిందా, లేదా?”

“...దొరికింది.”

“విరిగిపోయిందా?”

“లేదు. మనిషి మనిషిగానే దొరికె.”

“అట్లయితే నా ఇంటికి ఎందుకు రాలే? యాడికి పంపిస్తివి? చెప్పు ఆవులప్పా, యాడికి?”

“గౌనిపల్లికి. ఆడ అన్నకి ఇంగొక పెండ్లాం ఉండె వదినా. నీకుండేది ఆడపిల్ల. ఆయమ్మ చంకలో అన్న కొడుకుండె.”