పాసు మీద పేరు

బస్టాపు పక్క టీకొట్టు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

“నువ్విక్కడున్నావేంటమ్మా?”

“ఇంకెక్కడుండాలి బాబాయ్? రెండింటికి నా షిఫ్టు. రోజూ ఈ వేళకి నీ కొట్టు ముందేగా నిలబడతాను.”

“అది కాదు. పొద్దున బస్సెక్కావా?”

“నేనా? లేదు. అంటే... ఎందుకు?”

“ఎక్కావా, లేదా?”

“చెకింగ్ వాళ్లొచ్చి అడిగారా? నిజం చెప్పు బాబాయ్.”

“చెకింగ్ కాదు తల్లీ. ముందు కూర్చో. వంతెన దిగుతూ బస్సు బోల్తా పడిందట. మా కోడలు ఆస్పత్రిలో నర్సు కదా, ఇప్పుడే ఫోన్ చేసింది. దెబ్బలు తగిలినవాళ్లలో నీ పేరుందట, ఇంటిపేరుతో సహా. పాసు చూసి రాసుకున్నారట.”

“పాసా? అది... అది పోయింది. మొన్ననే పారేసుకున్నా.”

“నా దగ్గరా దాపరికం? రోజూ మీ అక్క దిగగానే నీ చేతిలో ఏదో పెడుతుంది. నాకు కళ్లు లేవనుకున్నావా?”

“అక్క దగ్గరే ఉంది బాబాయ్. చార్జీలు పెంచాక రెండు పాసులెక్కడ కొంటాం? కొంటే దాని పిల్లలిద్దరికీ తిండెక్కడిది? పొద్దున అంట్ల పనికి అది పట్టుకెళ్తుంది, మధ్యాహ్నం నేను.”

“ఫొటో నీదేగా?”

“ఇద్దరిదీ ఒకటే ముక్కు. కొంగు కప్పుకుంటే కండక్టరేం పోలుస్తాడని నేనే అన్నాను. అది వద్దే వద్దంది. చెకింగంటే దానికి చచ్చేంత భయం. పొద్దున కూడా, పట్టుకుంటే ఏం చెప్పనే అని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“పేరు దగ్గర్నుంచి అన్నీ నావే చెప్పు, చంపినా మాట మార్చకు అన్నాను. బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా, ఫోన్ చెయ్యి. అదుందో లేదో కనుక్కో.”

“ఉండు, ఉండు... హలో, అమ్మాయ్. ఆ. ఆ పాసు ఆవిడే. ఆ... అలాగా...”

“ఉందా? ఉందా బాబాయ్?”

“ఉంది. మాట్లాడుతోంది. ఆపరేషన్ చెయ్యాలట, సంతకానికి మనవాళ్లు కావాలట.”

“అమ్మయ్య. మాట్లాడుతోందిగా. మరి అలా చూస్తావేం? ఏమంటోంది?”

“పేరడిగితే నీ పేరే చెబుతోందట. పిల్లలుంటే ఒకసారి చూస్తావా, పిలిపిస్తాం అంటే... నాకు పిల్లల్లేరు, ఇంకా పెళ్లే కాలేదు అంటోందట.”